మక్కచేలో విస్తరికొక్కడు

రామన్నపేటకు పడమర ఉన్న గుర్వయ్య మక్కచేలో, ఈ గట్టు మీద కూర్చుని సాలు వెంట చూపు పోనిస్తే ఆ చివర నాగార్జునసాగర్ ఆనకట్ట కనిపించేది. ఆ రోజు ఎన్ని గేట్లు ఎత్తారో కూడా చెప్పవచ్చు. మొక్కజొన్న మొక్కలు అంత తిన్నగా, అంత సమదూరంలో నిలబడి ఉండేవి మరి. చూపుకు అడ్డం వచ్చే ఆకు ఒక్కటీ ఉండేది కాదు.

సరే, సాగర్ కాకపోవచ్చు. మధ్యలో గుట్టలున్నాయి, నల్లగొండ పట్నం ఉంది, పైగా భూమి గుండ్రంగా ఉంటుందని బడిలో సిస్టరమ్మలు బెత్తం పట్టుకుని మరీ చెప్పారు. కానీ అవతలి గట్టున కట్టేసిన మేక మాత్రం కనిపించేది. మేక మొత్తం కాదు, దాని ఒక కన్ను. ఇందులో అబద్ధం లేదు. ఆ మేకకు కూడా ఇటు కూర్చున్నవాడి ఒక కన్నే కనిపించేది.

గుర్వయ్య పుట్టుకతో రైతే. కానీ చుట్టుపక్కల ఊళ్ళకు అతను తెలిసింది వ్యవసాయంతో కాదు, పెండ్లి బంతులతో. పందిట్లో జనాన్ని వరుసగా కూర్చోబెట్టి, విస్తర్లు పరిచి, వడ్డన నడిపించడంలో అతనికి సాటి లేదు. ఈ పెద్దరికం అతనికి ఎవరూ ఇవ్వలేదు, తానే లాక్కున్నాడు. మీసాలు సరిగా రాని వయసులో ఒక పెండ్లికి వెళ్ళాడు. బగార అన్నం వడ్డించి, మాంసం తునకల కూర బకెట్టు వరుసలోకి దిగిన సమయానికి పెండ్లికొడుకు మేనమామ పరుగున వచ్చి ఇద్దరి నడుమ ఇరుక్కున్నాడు. రెండు విస్తర్ల ముందు ముగ్గురు. వడ్డించేవాడు రెండు గరిటెలే వేశాడు. మూడు చేతులు మూలుగున్న ఒకే నల్లిబొక్క మీదికి పోయాయి. ఒకడి మోచేయి మరొకడి పక్కటెముకలో దిగింది, శేర్వ మూడోవాడి తెల్లధోవతి మీద పడింది. మేనమామ అలిగాడు. తాళి కట్టడం ఎలాగూ అయిపోయింది గనుక పెండ్లి నిలిచిందిగానీ లేకుంటే అంతే సంగతులు.

అప్పుడు గుర్వయ్య ఎవరినీ అడగకుండా ఆ వరుస మొత్తాన్ని లేపాడు. తన మోచేతిని నేల మీద పెట్టి మూర కొలిచి, మూరకొక మోదుగాకుల విస్తరి వేశాడు. విస్తరికొక్కడిని కూర్చోబెట్టాడు. ఆ రోజు నుంచి అతని శాసనం ఒకటే: "విస్తరికొక్కడు. మూరకొక్క విస్తరి. ఆలస్యమైతే వచ్చే బంతి."

ఆ శాసనానికి సర్పంచి లేడు, చుట్టం లేడు. సొంత బావమరిది ఆలస్యంగా వస్తే పందిరి గుంజ పక్కన నిలబెట్టాడు. అతను అలిగి వెళ్ళిపోయి మళ్ళీ గుర్వయ్య గడప తొక్కలేదు. గుర్వయ్య భార్య సోమమ్మ ఆ మాటను ఉప్పులా దాచుకుని, అవసరమైనప్పుడల్లా చిటికెడు తీసి వాడుతూ ఉండేది.

తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్ళకు పెండ్లిళ్ళు ఫంక్షన్‌హాళ్ళలోకి పోయాయి. పళ్ళెం చేతిలో పెట్టుకుని నిలబడి తినడం వచ్చింది. గుర్వయ్య ఒక్కసారి వెళ్ళి చూశాడు. "బర్రెలు గూడ నిలబడే తింటయి, గని అవి వరుసల నిలబడి తింటయి" అని ఆకలితోనే ఇంటికి వచ్చాడు.

అతని చేతికి దక్కిన చివరి బంతి ఒక దూరపు చుట్టాల పెండ్లిలోది. దానికి అతని అన్న రామచంద్రం వచ్చాడు. రామచంద్రానికి ఆలేరులో సిమెంటు దుకాణం. ఇస్త్రీ నలగని తెల్లబట్టలు, రెండు జేబుల్లో రెండు ఫోన్లు. కూర వడ్డించే సమయానికి దిగి, తెలిసినవాళ్ళిద్దరి నడుమ సర్దుకుని కూర్చున్నాడు. గుర్వయ్య వచ్చి ముందర నిలబడ్డాడు.

"అన్నా, లే."

"ఏందిరా?"

"విస్తరి లేని జాగల కూసున్నవ్. వచ్చే బంతిల పిలుస్త, లే."

"గుర్వా, నేనెవరన్నది యాదికున్నదా?"

"ఎందుకు లేదు. ఒక్క కడుపున పుట్టినోళ్ళం. అవ్వ కడుపుల గూడ ఒకని తర్వాత ఒకడు వచ్చినం గని, ఇద్దరం ఇరుక్కోలే."

వరుస ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నవ్వింది. వడ్డించేవాడు నవ్వాపుకోలేక బకెట్టు కింద పెట్టాడు. రామచంద్రం లేచాడు. లేచినవాడు వచ్చే బంతికి ఆగలేదు, కారెక్కి ఆలేరు వెళ్ళిపోయాడు.

ఆ కారు వారం తిరగకుండానే గుర్వయ్య చేను దగ్గర ఆగింది. నాయిన వదిలిపోయిన ఆ ఎర్రచెలక ఇంకా పంచుకోలేదు. అన్నది సగం, తమ్ముడిది సగం, బోరు మాత్రం ఒకటి. దున్నేది గుర్వయ్య ఒక్కడే. బాటకు అవతల అప్పటికే ప్లాట్లు పడ్డాయి. సున్నం పూసిన రాళ్ళు బారులు తీరి ఉన్నాయి.

"చెలకను ప్లాట్లకు అడుగుతున్నరు. గుట్ట మీది గుడి పేరు చెప్పి గిరాకి బాగున్నది. సగం ఇస్తే తీస్కోరట, రెండు వాటాలు కలిపే గావాల్నట" అన్నాడు రామచంద్రం.

"నేనియ్య."

"ఇయ్యకేం జేస్తవ్? ఇన్నేండ్ల సంది దున్నుతున్నవ్, ఏం పండిచ్చినవ్? చూడు ఆ రాళ్ళు, ఎంత ముచ్చటగ ఉన్నయో. నీకు వరుసలంటే పాణం గదా!"

"రాళ్ళను ఎంత వరుసల నాటినా కంకి వెయ్యవన్నా."

మాట మీద మాట పెరిగింది. బాట మీది హోటల్ ముందు టీ తాగేవాళ్ళంతా గ్లాసులతో సహా వచ్చి చేరారు. చివరికి పందెం దగ్గర తేలింది. వచ్చే చలికాలం పంటకు, యాసంగికి, చెలక మొత్తం మక్కలే. ఒకే విత్తనం, ఒకే ఎరువు, ఒకే బోరు నీళ్ళు. అన్న సగం అన్న ఇష్టం, తమ్ముడి సగం తమ్ముడి ఇష్టం. అన్న పంట ఎక్కువైతే చెలకంతా ప్లాట్లకు పోతుంది. తమ్ముడి పంట ఎక్కువైతే రామచంద్రం ఇక జన్మలో ప్లాట్ల మాట ఎత్తడు.

"గింజ ఎక్కువ పడితే పంట ఎక్కువ. దుకాణంల సరుకు ఎక్కువున్నోనికే గిరాకి" అన్నాడు రామచంద్రం.

"ఓడిపోతే ఏడ బతుకుదమయ్యా? ఆ రాళ్ళ నడుమ విస్తర్లు పరుస్తవా?" అని ఇంటికి పోయేదాకా అడుగుతూనే ఉంది సోమమ్మ. గుర్వయ్య ఇల్లు చేరగానే ఆమె పాత చీర ఒకటి అడిగి తీసుకున్నాడు.

విత్తనం పెట్టేనాడు గుర్వయ్య ఒక పొడవాటి తాడు తెచ్చాడు. దానికి జానకొకటి చొప్పున సోమమ్మ పాత చీర పీలికలు కట్టి ఉన్నాయి. తాడును సాలు మీద బిగించి పట్టి, పీలిక దగ్గర ఒక్క గింజ పెట్టాలన్నాడు. కైకిలి కూలికి వచ్చిన ఆడవాళ్ళు ముఖాలు చూసుకున్నారు. ఆ ఊళ్ళో ఎవరు పెట్టినా గుంతకు మూడు గింజలు. పురుగుకొకటి, పిట్టకొకటి, మనకొకటి. అవ్వల కాలం నుంచీ అదే లెక్క.

ఆ ఆడవాళ్ళ పెద్ద స్వరూప. నోరున్న మనిషి. "మామా, పిట్టొచ్చి నా గింజేదని అడిగితే ఏం చెప్పాలె?"

"నా పేరు చెప్పు."

"పురుగు అడిగితే?"

"పురుక్కు గూడ నా పేరే చెప్పు, కోడలా. గుంతల ముగ్గురు కూసుంటే ఏమైతది? ఒక్క విస్తరి, మూడు చేతులు. ఎవని కడుపూ నిండదు."

"మక్కలకు గూడ పెండ్లి చేస్తున్నవా ఏంది?" అని స్వరూప నవ్వింది. కానీ గుర్వయ్య అంతటితో ఊరుకోలేదు. గింజ వేలి రెండో కణుపు దాకా దిగాలన్నాడు. ఒకటి పైన, ఒకటి లోతున పెడితే ఒకటి ఇవాళ లేస్తుంది, ఒకటి నాలుగు రోజులకు లేస్తుంది. ముందు లేచింది వేర్లు పరిచి పక్కదాని ఎరువు కూడా తింటుంది. ఆలస్యంగా లేచింది దాని నీడలో నిలబడి ఆకాశం చూస్తూ ఉంటుంది. అందరినీ ఒక్కసారి కూర్చోబెట్టాలి, ఒక్కసారి వడ్డించాలి. అతనికి తెలిసిన వ్యవసాయ శాస్త్రం అంతే.

రామచంద్రం సగంలోకి, ఊళ్ళో కిరాయికి తోలే ఎల్లేష్ ట్రాక్టర్ దిగింది. వెనక విత్తనాల మిషన్. రామచంద్రం గట్టు మీద గొడుగు కింద నిలబడి "ఇంకింత వదులు, ఇంకింత వదులు" అని అరిచాడు. ఎల్లేష్ మంచివాడే, కానీ ఆ రోజు ఇంకో ఊళ్ళో కిరాయి ఒప్పుకున్నాడు. ట్రాక్టర్ పరుగు పెట్టింది. వేగానికి మిషన్ ఒకచోట గుప్పెడు పోసింది, ఒకచోట బారెడు దూరం దాకా గింజే వదలలేదు.

మొలకలు వచ్చాయి. అన్న సగం పచ్చటి చాప పరిచినట్టుంది. తమ్ముడి సగం చూసి ఊరంతా నవ్వింది. "గుర్వయ్య దువ్వెన కొన్నడు గని, తలమీద ఎంట్రుకలే లేవు" అన్నారు. దానికి తోడు కాకులు కొన్ని మొలకల్ని పీకిపోయాయి. అక్కడక్కడా పోగుంటలు పడ్డాయి. పోగుంట అంటే మొక్క ఉండవలసిన చోట ఉండే ఖాళీ. ఆ ఊళ్ళో చేలో పోగుంట కనబడితే పళ్ళూడిన నోటితో పేరంటానికి పోయినంత నామర్దా. ఆడవాళ్ళు గింజలు నానబెట్టి వాటిని నింపేదాకా కడుపునిండా తినరు.

సోమమ్మ కూడా నింపింది. గుర్వయ్య రామన్నపేట సంతకు పోయిన పూట నింపింది. స్వరూపను పిలిస్తే ఆమె కూడా వచ్చింది. ఇద్దరూ చిన్న కూతురు జడలో పూలు పెట్టినంత ప్రేమగా పెట్టారు.

గుర్వయ్యకు అది కొన్నాళ్ళకు తెలిసింది. మోకాలెత్తు మొక్కల నడుమ బెత్తెడు మొక్కలు తొంగి చూస్తున్నాయి. కొన్నిచోట్ల ఒకే గుంతలోంచి రెండు మొక్కలు కూడా వచ్చాయి. పిట్ట మీద జాలిపడిన చేతులు విత్తనం పెట్టేనాడే దొంగతనంగా రెండో గింజ వేశాయన్నమాట. అతను పంచె ఎగగట్టి సాలులోకి దిగాడు. జంటల్లో ఒకదాన్ని పీకాడు. ఆలస్యంగా వచ్చినవాటిని పీకాడు. పచ్చటి మొక్కలు పీకి గట్టు మీద మేక ముందర వేస్తుంటే సోమమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"పచ్చని పైరు పీకుతున్నవ్, కండ్లు పోతయి! ఏం పాపం చేసినయి అవి?"

"ఆలస్యంగొచ్చినయి."

"వస్తే? వచ్చినోనికి ఇంత పెట్టవా?"

"పెండ్లిల అయితే వచ్చే బంతి ఉంటది సోమీ. ఈడ ఒక్కటే బంతి. ఇది నీళ్ళు తాగుతది, ఎరువు తింటది, కంకి మాత్రం వెయ్యదు. సందును సందుగ ఉండని. సందు పక్కన కూసున్నోడు రెండు మెతుకులు ఎక్కువ తింటడు, కంకి ఇంత లావు వేస్తడు."

"గిట్లనే మా తమ్ముణ్ని గుంజ పక్కన నిలబెట్టినవ్" అంది సోమమ్మ. ఈసారి అరవలేదు, మెల్లగా అంది. గుర్వయ్య చేయి ఆగింది. అతని ముందు ఒక బెత్తెడు మొక్క ఉంది. సోమమ్మ వచ్చి దాని పక్కన చతికిలబడి కూర్చుంది. "దీన్ని పీకితే నేను మా అమ్మగారింటికి పోత. పోయినదాన్ని మల్ల రాను."

గుర్వయ్య ఆ ఒక్క మొక్కను వదిలేశాడు. మిగిలినవన్నీ పీకాడు.

ఆ చలికాలం పోయి ఎండలు ముదిరేదాకా ఊరు రెండు సగాలనూ చూస్తూనే ఉంది. అన్న సగం మొక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, వెలుతురు కోసం మెడలు సాచి, వెదురుబద్దల్లా సన్నగా పెరిగాయి. గింజ పడని చోట్ల గడ్డి మొలిచి, ఆ ఎరువంతా తిని బలిసింది. ఎండాకాలం మొదట్లో ఒక ఈదురుగాలి వచ్చింది. సన్న మొక్కలు కొన్ని పక్కవాటి భుజాల మీద వాలి, వాటిని కూడా పడేశాయి. అదే గాలి గుర్వయ్య సగంలోకి వచ్చేసరికి సాళ్ళ వెంట తిన్నగా నడిచి, అవతలి గట్టు దగ్గర మేకను పలకరించి వెళ్ళిపోయిందంటారు. గాలి సంగతి ఎవరు చూశారుగానీ, మొక్కలు మాత్రం నిలబడే ఉన్నాయి. ఒక్కొక్కటి చేతికర్రంత లావు.

సోమమ్మ కాపాడిన మొక్క కూడా పెరిగింది. ఆమె దానికి చెంబుతో వేరే నీళ్ళు పోసింది, పిడికెడు పేడ ఎరువు వేసింది. అది సన్నగా లేచి, రెండు పెద్ద మొక్కల నడుమ తల ఎత్తి పూత పూసింది. కంకి వేయలేదు. వేసిందనుకున్న చోట పొరలు తీసి చూస్తే బొటనవేలంత బెండు, దాని మీద గింజే లేదు. సోమమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చింది. గుర్వయ్య చూశాడు. అతను గెలిచి నోరు మూసుకున్న సందర్భం అతని జీవితంలో అదొక్కటే.

కంకులు విరిచి, పొరలు ఒలవకుండానే రెండు కుప్పలు పోశారు. ఊరు మొత్తం చెలకలో ఉంది. రామచంద్రం కుప్ప తమ్ముడి కుప్పకంటే ఎత్తుగా లేచింది. ఎవరో ఈల వేశారు. రామచంద్రం ఒక ఫోను తీసి, "ఆ... రేపు రాళ్ళు దింపుకోవచ్చు" అన్నాడు.

"ఫోన్ పెట్టెయ్ అన్నా. మనం తినేది పొరలా, గింజలా? గింజ రాల్చే మిషన్ పట్టనీ" అన్నాడు గుర్వయ్య.

"ఇంకేం పడతవ్ రా? కండ్లు కనబడ్తలేవా?"

"మిషన్ పడితేనే కనబడతది. నువ్వు పందెం కట్టింది పంట మీద, కుప్ప మీద గాదు. పట్టేదాకా నేను ఈడికెల్లి లెవ్వ" అని గుర్వయ్య తన కుప్ప ముందు కాళ్ళు చాపి కూర్చున్నాడు. అతన్ని లేపేవాడు ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

మిషన్ పట్టారు. ముందు అన్న కుప్ప. పొట్టు మేఘంలా లేచింది, బెండ్లు గుట్టగా పడ్డాయి. కంకులు చాలావాటికి కొసన గింజే లేదు. కొన్ని పిల్లలు పళ్ళూడి నవ్వినట్టున్నాయి. మిషన్ ఆగేసరికి కింద పరిచిన పరదా మీద గింజల రాశి నడుము దాకా కూడా రాలేదు. తర్వాత తమ్ముడి కుప్ప. కొస దాకా నిండిన కంకులు, ఒకే పొడవు, ఒకే లావు. గింజలు మిషన్ నోట్లోంచి వానలా పడుతూనే ఉన్నాయి. పరదా చాలక సోమమ్మ ఇంటికి పోయి ఇంకో పరదా తెచ్చింది.

రెట్టింపు పండిందని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత లేదు. కానీ రెండు రాశుల నడుమ నిలబడి ఏది పెద్దదని ఎవరినీ అడగవలసిన అవసరం మాత్రం రాలేదు. స్వరూప వచ్చి దోసిలితో గింజలు తీసి, "మామా, పిట్టలు నీ పేరు బాగనే యాదికుంచుకున్నయి" అంది.

రాశి పూజ చేసి, చెలకలోనే అందరికీ అన్నం పెట్టాలని గుర్వయ్య మొక్కుకున్నాడట. మూరకొక విస్తరి వేశాడు. చాలాకాలం తర్వాత బంతి కూర్చుంది. రామచంద్రం మాత్రం కారు పక్కనే నిలబడి ఉన్నాడు. పిలిచినా రాలేదు, వెళ్ళనూ లేదు. బంతి లేచింది, ఎంగిలాకులు ఎత్తారు. గుర్వయ్య నేల ఊడ్చి, నీళ్ళు చల్లి, రెండే విస్తర్లు వేసి అన్న దగ్గరికి వెళ్ళాడు.

"అన్నా, రా. వచ్చే బంతిల పిలుస్తనని చెప్పిన గద ఆనాడు."

రామచంద్రం ఫోన్లు రెండూ కారులో పెట్టాడు. వచ్చి కూర్చున్నాడు. తమ్ముడు తునకలు వేశాడు, నల్లిబొక్క వెతికి వేశాడు. తర్వాత తానూ మూరెడు ఎడంగా కూర్చున్నాడు.

"ప్లాట్ల మాట ఇంక నా నోట రాదు. గని గుర్వా, ఒక్క మాట. ఆలేరుల నా దుకాణం ముందు నిలబడి గూడ ఆ పెండ్లి ముచ్చటే చెప్పుకుని నవ్వుతున్నరు. నన్ను బంతిలకెల్లి లేపినవని ఎవడన్న నిన్నడిగితే..."

"ఏ పెండ్లి?" అన్నాడు గుర్వయ్య, అన్న విస్తరిలో ఇంకో గరిటె వేస్తూ.

ఆ చెలక ఇవాళ కూడా చెలకగానే ఉంది. బాటకు అవతలి రాళ్ళ నడుమ తుమ్మచెట్లు లేచాయి. ఎవరైనా వెళ్ళి ఇదంతా నిజమేనా అని అడిగితే గుర్వయ్య ముందు వాళ్ళను మూరెడు దూరం జరిగి కూర్చోమంటాడు. తర్వాత చెబుతాడు.

"ఎవడు చెప్పిండు మీకు? అన్నను బంతిలకెల్లి లేపుతరా ఎవరన్న? మా అన్న ఆ పెండ్లికి రానే రాలే. పందెం లేదు, గిందెం లేదు. నేను ఎన్నడు ఏ పెండ్లిల గరిటె ముట్టలే. మేకనా? మాకు మేకనే లేదు. మక్కలా? ఆ ఏడు మేం పెట్టింది పత్తి."